పగలొక మోత, రాత్రొక మోత: పాత రైలు సౌండ్ బోర్డు రిపేరు

"రాత్రిపూట బాగానే ఉండాది నాయనా. తెల్లారితేనే చెడిపోతా ఉండాది."

తిరుపతి రాయలచెరువు రోడ్డులో నాది చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. భజన మందిరాల మైకు సెట్లు, పెళ్లిళ్ల ఆంప్లిఫయర్లు, ఇన్వర్టర్ బోర్డులు, అప్పుడప్పుడు ఎవరో అటక మీద నుంచి దించిన రేడియో, ఇవీ నాకు వచ్చే పనులు. వేడెక్కితే మొరాయించే బోర్డులు చూశాను, వాన పడితే మొరాయించేవీ చూశాను. పొద్దున చెడిపోయి చీకటి పడితే బాగుపడేది మాత్రం ఇదే మొదటిది.

తెచ్చినాయన రిటైరైన రైల్వే మనిషి. పాకాల మీదుగా మీటర్‌గేజ్ నడిచిన రోజుల్లో ఫైర్‌మేన్‌గా చేరి, డ్రైవర్‌గా దిగిపోయారు. ఇప్పుడు చిత్తూరు కట్టమంచిలో ఉంటున్నారు. మేడ మీద గదిలో ఎనిమిదడుగుల ప్లైవుడ్ బల్ల మీద పాకాల జంక్షన్ కట్టుకున్నారు. ప్లాట్‌ఫారాలు, నీళ్ల కాలమ్, ధర్మవరం వైపు చీలే లైను అన్నీ అందులో ఉన్నాయి. ఇంజిన్ మాత్రం విదేశీ హెచ్.ఓ. మోడల్, అంటే అసలు బండిలో 87వ వంతు. దానికి నల్ల రంగు వేసి, మన మీటర్‌గేజ్ ఆవిరి ఇంజిన్ రకం పేరు వై.పి. అని రాసుకున్నారు. ఆ సైజులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. నిజమైన మీటర్‌గేజ్‌ను 87తో భాగిస్తే పదకొండున్నర రావాలి. ఆ మాట అంటే, "కొలతలకేముందప్పా, మోత సరిగ్గా ఉంటే చాలు" అన్నారు. కేసంతా అయ్యాక చూస్తే ఆయన మొదటిరోజే ఆర్డర్ చెప్పేసినట్టు అనిపించింది.

ఆ మోత వచ్చేది బల్ల కింద ఉన్న ఒక రేకు డబ్బాలోంచి. అమెరికాలో చదువుకుంటున్న తమ్ముడు 1984లో సెలవుకొచ్చినప్పుడు ఒక ఐసీ, అంటే చిప్పు, తెచ్చాడట. అన్నదమ్ములిద్దరూ పాకాల క్వార్టర్స్‌లో కూర్చుని, బయట నిజం ఇంజిన్లు పోతుంటే వింటూ, చెవితో కుదుర్చుకుని కట్టిన బోర్డు అది. రెండేళ్ల తర్వాత తమ్ముడు అక్కడే ఉద్యోగంలో స్థిరపడిపోయాడు. అప్పటినుంచి డబ్బా అన్న దగ్గరే ఉంది.

నా దగ్గరికి రాకముందు ఇంకొకచోట చూపించారు. "ఐసీ పోయింది, ఇప్పుడు దొరకదు. డిజిటల్ పెట్టుకోండి, ఇంజిన్లోనే స్పీకర్ వస్తుంది" అన్నారట అక్కడ. డిజిటల్ డీకోడర్లను నేను తక్కువ చేయను. నిజం ఇంజిన్ల మోత రికార్డు చేసి అందులో వేస్తారు, బాగుంటాయి కూడా. కానీ అందులో వినిపించేది జర్మనీదో అమెరికాదో ఇంజిన్ అవుతుంది. పైగా ఈయనకు కావాల్సింది రికార్డు కాదు, ఆ డబ్బా.

డబ్బాలో ఏముంది

ఆ ఐసీ పేరు ఎస్.ఎన్. 76477. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు 1970ల చివర్లో తెచ్చిన 28 కాళ్ల సౌండ్ జనరేటర్. ప్రోగ్రాం లేదు, మెమరీ లేదు. కాళ్లకు రెసిస్టర్లు, కండెన్సర్లు తగిలిస్తే వాటి విలువలను బట్టి తుపాకీ పేలుతుంది, పిట్ట అరుస్తుంది, రైలు నడుస్తుంది. 1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో పైనుంచి పోయే ఎగిరే పళ్లెం మోత కూడా దీనిదే. రైలు బొమ్మలవాళ్లకైతే ఇది వరం. అంతకుముందు మోత కావాలంటే నిజంగా గాలి ఊదాల్సిందే. 1935లో లయనెల్ అనే బొమ్మరైళ్ల కంపెనీ ఇంజిన్ వెనక టెండర్‌లో, అంటే బొగ్గూ నీళ్లూ మోసే పెట్టెలో, మోటారుతో తిరిగే ఫ్యాను పెట్టి, విజిల్ ఊదించింది. పట్టాల మీద ఏసీ కరెంటు పారుతుంటే దానికి కాస్త డీసీ కలిపితే, టెండర్‌లోని రిలే దాన్ని పసిగట్టి ఫ్యానును తిప్పేది. ఎన్నేళ్లయినా ఆ తెలివికి నేను దండం పెడతాను.

ఆవిరి ఇంజిన్ "ఛుక్" అంటే పొగగొట్టంలోంచి విసురుగా బయటపడే ఆవిరి. శ్రుతి ఉండదు, ఉత్త బుస. ఈ ఐసీలో ఒక నాయిస్ జనరేటర్ ఆ బుసను తయారుచేస్తుంది. దాని తర్వాత ఒక ఫిల్టర్ పైస్థాయి సిర్రుమనే భాగాన్ని కోసేస్తుంది. 1.28ని రెసిస్టర్, కండెన్సర్ విలువల లబ్ధంతో భాగిస్తే ఎక్కడ కోస్తుందో తెలుస్తుంది. ఈ బోర్డులో 220 కిలో ఓములు, 4.7 నానోఫారడ్‌లు ఉన్నాయి. అంటే సుమారు 1,240 హెర్ట్జ్. ప్రెషర్ కుక్కర్ బుసకూ ఇంజిన్ బుసకూ ఉన్న తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది. తర్వాత ఆ బుసకు ఒక ఆకారం ఇవ్వాలి: ఠక్కున లేవాలి, మెల్లగా తగ్గాలి. ఎంత త్వరగా లేవాలి, ఎంతసేపట్లో తగ్గాలి అనేవి రెండు రెసిస్టర్లు, వాటి మధ్య ఉమ్మడిగా ఉన్న ఒక కండెన్సర్ తేలుస్తాయి. ఆ ఒక్క కండెన్సర్ దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇక వేగం. బండి పరిగెడితే ఛుక్ ఛుక్ కూడా పరిగెత్తాలి. మామూలుగా చక్రానికి కాంటాక్ట్ పెట్టి, అది తగిలినప్పుడల్లా ఒక ఛుక్ వచ్చేలా చేసేవాళ్లు. ఈ అన్నదమ్ములు వేరే దారి తొక్కారు. పట్టాలకు పోయే కరెంటుకే ఒక చిన్న బల్బు కలిపారు. దాని ఎదురుగా ఒక ఎల్.డి.ఆర్., అంటే వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే కాడ్మియం సల్ఫైడ్ బిళ్ల. రెండింటినీ ఒక పెన్ను గొట్టంలో దూర్చి, పైన నల్ల టేపు చుట్టారు. రెగ్యులేటర్ తిప్పితే బండి వేగం పెరుగుతుంది, బల్బు వెలుగు పెరుగుతుంది, ఎల్.డి.ఆర్. రెసిస్టెన్స్ తగ్గుతుంది, దానికి తగిలించిన 555 టైమర్ వేగంగా కొట్టుకుంటుంది. ఆ టైమర్ కొట్టే ప్రతి దెబ్బా ఐసీ తొమ్మిదో కాలికి చేరి ఒక ఛుక్ పుట్టిస్తుంది. బండి వెనక్కి నడపడానికి డీసీని తిరగేసినా బల్బుకు పట్టింపు లేదు.

ఇదంతా కాగితం మీద గీసుకునేసరికి, చదివేవాళ్లలో కొందరికి జబ్బేమిటో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది.

నేను తప్పిన దారులు

ముందుగా ఐసీ. పద్నాలుగో కాలికి 9 వోల్టులు వస్తున్నాయి. లోపలి రెగ్యులేటర్ బయటికిచ్చే 5 వోల్టులు పదిహేనో కాలి దగ్గర నిలకడగా ఉన్నాయి. పదమూడో కాలి దగ్గర స్కోపు (సిగ్నల్‌ను గీతగా చూపించే మీటర్) పెడితే బుస కనిపిస్తోంది. ఐసీ బతికే ఉంది. అయినా ఉండనీ అని ఆన్‌లైన్లో రెండు తెప్పించాను. ఒకదాని మీద పేరును అసిటోన్ దూదితో తుడిస్తే చెరిగిపోయింది, కింద ఇంకేదో నంబరు ఉంది. రెండోదానికి పదిహేనో కాలు చచ్చిపోయింది. పాత ఐసీలు కొనేవాళ్లు డబ్బులిచ్చేముందు అసిటోన్ సీసా దగ్గర పెట్టుకోండి.

తర్వాత వేడి. పగలు చెడి, రాత్రి బాగుంటోందంటే ఎండాకాలం తిరుపతిలో ఎవరికైనా మొదట తట్టేది అదే. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఒక్కో పార్టునూ కాల్చాను, ఐసుముక్క కవర్లో చుట్టి ఒక్కోదాని మీదా పెట్టాను. ఏమీ మారలేదు. నా బెంచి మీద అది పగలూ రాత్రీ ఒకటే మోత: ఛుక్ ఛుక్ కాదు, "బుర్ర్" అని పాత జావా బండి స్టాండు మీద ఆడుతున్నట్టు.

మూత బిగిస్తే కాస్త తగ్గేది. అదే నన్ను అడ్డంగా ముంచింది. మూత నొక్కితే బాగుపడుతోందంటే ఎక్కడో డ్రై సోల్డర్, అంటే సరిగ్గా పట్టని అతుకు, ఉందని, నలభై చోట్ల సోల్డరింగ్ మళ్లీ చేశాను. పైగా మూత వేశాక వెంటనే తగ్గదు, కొన్ని క్షణాలు పడుతుంది. కాడ్మియం సల్ఫైడ్ చీకటికి అలవాటుపడటానికి టైం తీసుకుంటుందని చదువుకున్నదే. ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

నాలుగోరోజు సాయంత్రం కరెంటు పోయింది. షాపులో బెంచి ప్లగ్గు, ఫ్యాను ఇన్వర్టర్ మీద ఉన్నాయి. ట్యూబులైటును కలపడానికి మాత్రం రెండేళ్లుగా బద్ధకిస్తున్నాను. చీకటైంది, ఫ్యాను తిరుగుతోంది, బెంచి మీద బుర్ర్ మంటున్నది మెల్లగా విడిపోయింది. ఛుక్... ఛుక్... ఛుక్. అలాగే కూర్చుండిపోయాను. ఫోన్ టార్చ్ వేసి పెన్ను గొట్టం మీద కొడితే మళ్లీ బుర్ర్.

నల్ల టేపు జిగురు ఎండి, అరటితొక్కలా విడిపోయింది. చీలికలోంచి గది వెలుతురు ఎల్.డి.ఆర్. మీద పడుతోంది. టైమర్ కండెన్సర్ 4.7 మైక్రోఫారడ్‌లు. ఎల్.డి.ఆర్. 60 కిలో ఓముల దగ్గర ఉంటే సెకనుకు ఐదు ఛుక్‌లు. నా ట్యూబులైటు కింద అది పది కిలో ఓముల దాకా దిగిపోయింది, అంటే సెకనుకు ముప్పై. ఇక చిత్తూరులో సంగతి: డబ్బాకు పక్కన గాలి కోసం కొట్టిన బొక్కలు తూర్పు కిటికీ వైపు ఉన్నాయి. పొద్దున ఎండ నేరుగా అందులోకి. రాత్రి లైటు బల్ల పైన ఉంటుంది, డబ్బా బల్ల కింద నీడలో ఉంటుంది. పెద్దాయన చెప్పిన మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు.

టేపు తీసేసి హీట్‌ష్రింక్ స్లీవ్ రెండు పొరలు వేసి, చివర్లు మూసేశాను. బల్బు గాజు లోపల నల్లబడి ఉంది కాబట్టి అదీ మార్చాను. బల్బు బదులు ఎల్.ఈ.డీ. పెట్టమని మా మేనల్లుడు అన్నాడు, బీటెక్ చదువుతున్నాడు. పెట్టలేదు. ఫిలమెంటు వేడెక్కడానికి, చల్లారడానికి కాస్త సమయం తీసుకుంటుంది. రెగ్యులేటర్ ఒక్కసారి తిప్పినా ఛుక్ మెల్లగా అందుకుంటుంది, బరువైన బండి కదిలినట్టు. ఎల్.ఈ.డీ. అయితే గబుక్కున దూకుతుంది.

విజిల్ సంగతి ఒక్క ముక్కలో: బటన్ తుప్పు పట్టింది, మార్చాను.

"ఇది మా బండి కాదప్పా"

నలభై ఏళ్ల బోర్డు చేతికొస్తే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ మార్చేయడం నా అలవాటు, వాటి లోపలి తడి ఏళ్లకు ఎండిపోతుంది. పవర్ సప్లైలోని 1000 మైక్రోఫారడ్ ఎండిపోయి 100 హెర్ట్జ్ హమ్ వస్తోంది కాబట్టి అది మార్చాల్సిందే. ఎల్.ఎం. 386 ఆంప్లిఫయర్ పక్కనున్నవీ మార్చాను. అదే ఊపులో, ఇందాక మళ్లీ వస్తానన్న ఆ కండెన్సర్‌ను కూడా. దాని మీద 1 మైక్రోఫారడ్ అని ఉంది, కొత్త 1 మైక్రోఫారడ్ వేశాను. ఇందులో తప్పుపట్టడానికి ఏముంది?

డబ్బా తీసుకుని బస్సులో చిత్తూరు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కిటికీ తెరిచి, ఎండలోనే బిగించి ఆన్ చేశాం. బండి పాకాల ప్లాట్‌ఫారం వదిలింది. మొదటి నాలుగు ఛుక్‌లకు పెద్దాయన మొహం విప్పారింది. వేగం పెంచారు. మొహం మారిపోయింది. రెగ్యులేటర్ తగ్గించి, మళ్లీ పెంచి, మళ్లీ తగ్గించారు.

"ఇది మా బండి కాదప్పా."

"ఏం తేడా ఉంది సార్?"

"పరిగెత్తేటప్పుడు అడుగు వినబడటంలే. ఈదురుగాలి మాదిరి ఉండాది. నా ఇంజిన్ అడుగులేస్తా పోయేది."

నాకు ఒళ్లు మండింది, దాచుకోను. జబ్బు పట్టుకున్నాను, హమ్ తీసేశాను, స్కోపులో ఛుక్ ఆకారం పుస్తకంలో బొమ్మలా ఉంది. అయినా మనిషి కొన్నేళ్లు ఆ బండి మీద బొగ్గు వేశాడు, నేను వేయలేదు. డబ్బా మళ్లీ తిరుపతికి తెచ్చాను.

తీసేసిన పార్టులను బిల్లు చేతికొచ్చేదాకా పారేయను, అదొక్కటే నన్ను కాపాడింది. పాత కండెన్సర్‌ను పాత పార్టుల డబ్బాలోంచి వెతికి మీటర్ మీద పెట్టాను. పైన 1 అని ఉంది, లోపల మిగిలింది 0.38.

ఇక లెక్క. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజిన్‌లో పిస్టన్ ముందుకు పోయినప్పుడూ వెనక్కి వచ్చినప్పుడూ ఆవిరి బయటికొస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే నాలుగు ఛుక్‌లు. వై.పి. పెద్ద చక్రం నాలుగున్నర అడుగులు, 1,372 మిల్లీమీటర్లు. చుట్టుకొలత 4.31 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదు ఛుక్‌లకు కొంచెం పైన, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 194 మిల్లీసెకన్లు. 40లో సెకనుకు పది పైన, మధ్యలో 97 మిల్లీసెకన్లు.

బోర్డులో ఛుక్ తగ్గడానికి పట్టే సమయం ఆ కండెన్సర్‌ను 220 కిలో ఓములతో గుణిస్తే వస్తుంది. కొత్త కండెన్సర్‌తో 220 మిల్లీసెకన్లు. దానికి ముందు ఛుక్ నిండుగా నిలబడే 18 మిల్లీసెకన్లు కలపండి. ఇరవై కిలోమీటర్లకే ఒక ఛుక్ ముగియకముందు ఇంకోటి వచ్చి మీద పడుతోంది. అడుగులు కలిసిపోయి గాలి మిగిలింది. ఎండిపోయిన పాత కండెన్సర్‌తో 84, దానికి 18, మొత్తం 102. దాదాపు నలభై కిలోమీటర్ల దాకా అడుగు అడుగూ విడిగా వినిపిస్తుంది. ఆ ముసలాయన చెవి నా మీటర్ కంటే ముందే ఈ 0.38ని కొలిచేసింది.

0.33, 0.047 పాలియెస్టర్ కండెన్సర్లు రెండు పక్కపక్కన వేస్తే 0.377. పాలియెస్టర్ కాబట్టి ఎండిపోయే గొడవ లేదు. బిగించబోతూ ఆగాను. వీళ్లు 1984లో చెవితో కుదిర్చి వేసింది 1 మైక్రోఫారడ్. అప్పుడది కొత్తది. అంటే అన్నదమ్ములిద్దరూ ఆ రోజు సరే అనుకున్న మోత, ఈయన ఇప్పుడు కాదంటున్న మోతే కదా? ఎండటం ఒక్కరోజులో జరగదు. ఏటేటా కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది, దాంతోపాటే ఈయన చెవీ సర్దుకుంటూ వచ్చింది. మరి నేను బాగుచేయాల్సింది ఏ బోర్డును? కట్టిన రోజుదాన్నా, ఇంతకాలం ఆయన విన్నదాన్నా?

రిపేరువాడికి ఇలాంటి ప్రశ్న పనికిరాదు, డబ్బులు రావు. కానీ వదల్లేకపోయాను. డబ్బా వెనక ఒక చిన్న టాగుల్ స్విచ్ పెట్టాను. కిందికి వేస్తే 0.377, పైకి వేస్తే 1. బిల్లులో స్విచ్చుకు నలభై రూపాయలు రాశాను, రెండోసారి బస్సు ఛార్జీ రాయలేదు.

మళ్లీ కట్టమంచి. స్విచ్ కింద పెట్టి బండి వదిలాం. రెండు చుట్లు తిరిగేదాకా ఆయన మాట్లాడలేదు. తర్వాత లోపలికి తిరిగి, "ఏమే, కాఫీ పెట్టు" అన్నారు. అదే సర్టిఫికెట్ అనుకున్నాను.

కాఫీ తాగుతుండగా తమ్ముడికి వీడియో కాల్ చేశారు. అక్కడ రాత్రి. ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టి బండి నడిపారు. ఆయన విని, "బాగుందిరా అన్నా, కానీ ఇది మనది కాదే. మనది ఇంకా పొడుగ్గా వచ్చేది, బుస్స్ అని సాగేది" అన్నాడు. పెద్దాయన నావైపు చూశారు. నేను బల్ల కిందికి వంగి స్విచ్ పైకి వేశాను.

ఫోన్లో కాసేపు ఏమీ వినబడలేదు. "ఇదీ. ఇదే" అన్నాడు తమ్ముడు. 1986 తర్వాత ఆ డబ్బా మోత ఆయన వినలేదు.

"వానికేం తెలుసప్పా, బండి నడిపింది నేను" అన్నారు పెద్దాయన, ఫోన్ పెట్టేశాక. స్విచ్ తానే కిందికి వేసుకున్నారు.

బల్బు ఎలా ఉందో కనుక్కుందామని రెండు నెలల తర్వాత ఫోన్ చేస్తే ఆయన భార్య తీశారు. బల్బు బాగానే ఉందట. ఆదివారం రాత్రి మరిది ఫోన్ చేసే టైముకు ఆయన ముందే మేడెక్కి, బల్ల కింద దూరి, స్విచ్ పైకి వేసి కూర్చుంటారట. "మోకాళ్లు నొప్పి అంటానే ఉంటాడు. ఆ స్విచ్చి కొంచెం పైన పెట్టకూడదా నాయనా?" అని అడిగారామె. వచ్చే నెల అటు వెళ్లినప్పుడు బల్ల అంచుకు మారుస్తానని చెప్పాను. మీటరున్నర వైరు సరిపోతుంది. మామూలు వైరు వేస్తే ఆ కండెన్సర్ తగిలిన ఐసీ కాలు హమ్ పట్టుకుంటుంది కాబట్టి షీల్డ్ వైరు వేయాలి.